ఆ 135 రూపాయలు పోనియ్యి బిడ్డా

బిడ్డా, ఎయిర్‌పోర్టు కార్గోలో నీకు ఉద్యోగం దొరికిందంటే తొండుపల్లిలో నాకంటే ఎక్కువ సంతోషపడ్డోళ్ళు లేరు. అయితే మొదటి జీతం చూసుకొని, "ఈఎస్‌ఐ అని ఉత్తగనే కోస్తున్నరు, ఆ కోత లేని కాంట్రాక్టరు దగ్గరికి పోత" అన్నవట. మీ నాయన చెప్పిండు. విసుక్కోకుండా నా మాట కొంచెం విను.

నీ జీతం 18,000. అందులో ఈఎస్‌ఐ అనే వైద్య బీమాకు నీకు పోయేది 0.75 శాతం, అంటే 135 రూపాయలు. నీ కోసం కంపెనీ కట్టేది 3.25 శాతం, 585 రూపాయలు. కోత తప్పించుకుంటే నీకు మిగిలేది 135, వాళ్ళకు మిగిలేది 585. ఇగ లాభం ఎవరిదో నువ్వే చూసుకో.

పనిచేసేటోడు కొంత, యజమాని కొంత వేసుకునే ఈ పద్ధతిని జర్మనీ 1883లోనే పెట్టుకున్నది. బ్రిటన్ 1948లో వేరే తోవ పట్టింది. అక్కడ పన్నుల పైసలతోనే దవాఖానలు నడుస్తయి, బిల్లు అడగరు. కాకపోతే ఆపరేషన్‌కు నెలల తరబడి ఎదురుచూడాలె. మన ఈఎస్‌ఐ చట్టం కూడా ఆ 1948లోనే వచ్చింది, తోవ మాత్రం జర్మనీది. ఇక అమెరికా దేశ ఆదాయంలో నూటికి 17 రూపాయల పైనే వైద్యానికి పెడుతది. అయినా ఇన్సూరెన్స్ లేనోడు అక్కడ అంబులెన్సు ఎక్కాలంటే జంకుతడు. అక్కడున్న పిల్లల దగ్గరికి పోయే ముసలోళ్ళు మన ఎయిర్‌పోర్టులో ఆరు నెలల బీపీ, షుగరు మాత్రలు సంచిలో నింపుకొని ఎందుకు విమానం ఎక్కుతరనుకున్నవు?

మన దేశంలో 2013-14లో వైద్యానికయ్యే నూరు రూపాయల్లో 64 జనం సొంతంగా పెట్టుకున్నరు. 2021-22 నాటికి అది 39కి దిగింది. మంచిదే. కానీ ఆ 39 రోగమొచ్చిన రోజే చేతిలో ఉండాలె. ప్లాటు ఉంది గదా అని మనూరోళ్ళ ధీమా. ఐసీయూ బయట నిలబడి ప్లాటు అమ్మేటోడికి కొనేటోడు చెప్పిందే రేటు.

ఆరోగ్యశ్రీ ఉందంటవేమో. 2007లో మొదలైన ఆ పథకం ఇప్పుడు మన రాష్ట్రంలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఇస్తది. గుండె ఆపరేషన్‌కు, క్యాన్సర్‌కు అది పెద్ద దిక్కే. అయితే జాబితాలో ఉన్న చికిత్సలకే వర్తిస్తది, మీ అమ్మ రోజూ మింగే షుగరు మాత్రలకు పనికిరాదు. ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో ఆ మాత్రలూ రాయించుకోవచ్చు. వరసలో నిలబడే ఓపిక కావాలె, అంతే. నీకే సుస్తీ చేసి డాక్టరు సెలవు రాస్తే, 78 రోజుల చందా కట్టి ఉన్నోళ్ళకు జీతంలో 70 శాతం ఏడాదిలో 91 రోజుల దాకా వస్తది. పది మంది పనిచేసే చోట నీ అంత జీతమున్నోళ్ళకు ఈఎస్‌ఐ కట్టకపోవడం చట్టం ప్రకారం తప్పు. అట్లాంటి కాంట్రాక్టరు దగ్గరికి పోకు.

ఆఫీసులో నీ ఇన్సూరెన్స్ నంబరు అడిగి కార్డు తీసుకో. అందులో అమ్మానాన్నల పేర్లు ఎక్కించు. ఈ నెలలోనే చెయ్యి, ఎక్కడన్నా అడ్డం పడితే నాకు చెప్పు, ఇద్దరం కలిసి పోదాం.