మత్తడి దుంకితేనే పండుగ

మా సుబేదారిలో ఇప్పుడు ఆదివారం ప్రయాణమంటే లక్నవరమే. పిల్లలకు వేలాడే వంతెన కావాలి, మగవాళ్ళకు పచ్చదనం కావాలి, ఆడవాళ్ళకు ఒక్కపూట వంటింటికి సెలవు కావాలి. ఆ సెలవు కోసం తెల్లవారుజామునే లేచి పులిహోర కలపాలనుకోండి, అది వేరే సంగతి!

ఇలాంటి సరదా మనకే కాదు. ఘనా దేశంలోని కాకుమ్ అడవిలో 1995లో చెట్టుకూ చెట్టుకూ మధ్య, సుమారు 40 మీటర్ల ఎత్తున, తాళ్ళ వంతెనలు కట్టారు. మన వంతెన చెట్ల మీద కాదు, నీళ్ళ మీద. దాని మీద నిలబడి, "ప్రకృతి ఎంత అందంగా ఉందో!" అంటాం. కానీ ఆ నీళ్ళు వాటంతటవి అక్కడ నిలిచినవి కావు. కాకతీయుల కాలంలో కొండల నడుమ కట్ట పోసి, పొలాల కోసం ఆపిన చెరువది. అందం ఆ పనికి కొసరు.

ఒడ్డున మక్కకంకులు కాలుస్తున్న ఒకామె నన్నడిగింది: "గీ నీళ్ళల్ల ఏముందని గింత దూరం వస్తరమ్మా? మాకైతే మత్తడి దుంకితేనే పండుగ."

మత్తడి దుంకడమంటే చెరువు నిండి అలుగు పారడం. అలుగు పారితే నాట్లకు భయం లేదు.

మరి చెరువును నిజంగా చూసినదెవరు, ఆమా, నేనా? ఆమెదే అసలు చూపు, మనది ఉత్త కాలక్షేపం అనేయడం తేలికే. నాకలా అనిపించదు. ఆమె చెరువును చూసే చూపు, మనం పొయ్యిమీద పాలను చూసే చూపు ఒకటే. ఆమెకు పొంగితే పండుగ, మనకు పొంగితే తంటా, అంతే తేడా! ఆ చూపులో ప్రేమ ఉంటుంది, బాధ్యత ఉంటుంది. తీరిక మాత్రం ఉండదు. బ్రతుకంతా అవసరంతోనే చూసే కళ్ళకు, ఏ అవసరమూ లేని చూపు ఒక్కటైనా దక్కాలి. అది విలాసం కాదు, హక్కు.

"నువ్వెప్పుడన్నా వంతెన ఎక్కావా?" అనడిగాను.

"నేనెక్కితే బేరమెవరు జూస్తరమ్మా?" అని నవ్విందామె.

అందుకే, అందం చూసొచ్చినవాళ్ళు కొంత బాకీ పడతారనుకుంటాను. విస్తళ్ళూ సంచులూ నీళ్ళలో వదలకుండా రావడం, కంకి దగ్గర రెండు రూపాయలకు గీచిగీచి బేరమాడకపోవడం, ఇవన్నీ వడ్డీ కిందికే వస్తాయి. అసలు తీరేది మాత్రం, ఆమె కూడా చేతులూపుకుంటూ వంతెనెక్కే ఆదివారం వచ్చిననాడే. ఏమంటారు?