శిక్షయు శిక్షణమును

శిక్ష యను పదమునకు సంస్కృతమున నేర్పుట యని యర్థము. తెలుగున నది దండన మను నర్థముననే రూఢమైనది. శిక్షణ మను పదము మాత్రము పూర్వార్థమును నిలుపుకొనియున్నది. ఒక్క ధాతువున పుట్టిన యీ రెండు పదములును ఎడబాసిన చోటనే విద్యాసంస్థల ధర్మసంకటము పుట్టుచున్నది. బాలుని దండించి, వానికి బుద్ధి నేర్పితిమని సంతసించుట పెద్దలకు సులభము. ఆ దండనము వానికి నేర్పినదేమి, వానినుండి తీసికొన్నదేమి యని పిదప లెక్క చూచువారు అరుదు. ఇట్టి లెక్క చూచుటకు, అమెరికా కళాశాలలలో క్రీడాకారుల విషయమై యేర్పడిన గంజాయి నియమముల చరిత్ర తగిన నిదర్శనము.

ఆ దేశమున కళాశాలల క్రీడలు సాయంకాలపు వినోదములు కావు. ఫుట్‌బాల్ ఆటలు చూచుటకు ఒక్కొక్క మైదానమున వేలకొలది జనము మూగుదురు. టెలివిజన్ ప్రసారములవలన కోట్లకొలది డాలర్లు సమకూరును. ఆడెడు యువకులలోను యువతులలోను పలువురకు క్రీడలవలన లభించు విద్యార్థివేతనమే చదువునకు ఆధారము. ఈ క్రీడలను నడపు సంస్థలలో ప్రధానమైనది నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్. ఈ సంఘము 1986లో తన ప్రధానపోటీలయందు మాదకద్రవ్య పరీక్షలను ప్రారంభించెను. కృత్రిమముగా కండబలమును పెంచు మందులతో పాటు గంజాయియు బహుకాలము నిషిద్ధద్రవ్యముల పట్టికలో నుండెను. ఇదిగాక ఆయా కళాశాలలు తమ సొంత పరీక్షలను, సొంత దండనములను ఏర్పరచుకొన్నవి.

పరీక్ష యనగా మూత్రపరీక్ష. మోసము జరుగకుండుటకై ఒకరు చూచుచుండగా క్రీడాకారుడు పాత్రను నింపి యియ్యవలెను. ఇది మర్యాదకు భంగమని కొందఱు న్యాయస్థానముల కెక్కిరి. 1994లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు సంఘము పక్షముననే తీర్పు చెప్పెను. మఱుసటి సంవత్సరము, ఆరెగన్ రాష్ట్రమందలి వెర్నోనియా పాఠశాలల వ్యాజ్యమున, దేశపు సుప్రీం కోర్టు ఆటగాండ్రైన విద్యార్థులను పరీక్షించుట రాజ్యాంగవిరుద్ధము కాదనెను. ఆఱుగురు న్యాయమూర్తులు అవుననిరి, ముగ్గురు విభేదించిరి. ఆటలలో చేరువారు తమంతట తాము చేరుదురు గనుక, ఇతర విద్యార్థులకున్నంత ఏకాంతహక్కు వారికి లేదనుట ముఖ్యకారణములలో నొకటి. చట్టరీత్యా ప్రశ్న అంతటితో తీరెను. ధర్మరీత్యా తీరలేదు. చేయవచ్చునని న్యాయస్థానము చెప్పిన ప్రతి పనియు చేయదగినది కాదు గదా!

మిషిగన్ విశ్వవిద్యాలయమున బాస్కెట్‌బాల్ ఆడుచుండిన మిచ్ మెక్‌గేరీ యుదంతమును చూడుడు. వెన్నునకు శస్త్రచికిత్స జరిగినందున 2014 మార్చిలో ఆతడు ఆటకు దూరముగా నుండెను. జాతీయపోటీల సందర్భమున పరీక్షింపగా గంజాయి జాడ కనబడెను. నాటి నియమము ననుసరించి దండనము ఒక సంవత్సరము ఆట మానుట. ఏప్రిల్ నెలలో సంఘమే యీ దండనమును సగమునకు తగ్గించెను. ఇట్టి ద్రవ్యములు ఆటలో అధికబలము నిచ్చునవి కావనియు, ఈ మార్పు కళాశాలలను చికిత్సవైపు త్రిప్పుననియు కారణము చెప్పెను. కాని క్రొత్త నియమము ఆగస్టునుండి గాని అమలునకు రాదు. మార్చిలో దొరకినవానికి పాత దండనమే. ఆతడు కళాశాలను విడిచి వృత్తిక్రీడలలో చేరెను. 2016లో అచ్చటివారును మాదకద్రవ్య నియమములను మీఱినందుకు ఆతనిని రెండుమాఱులు ఆటనుండి నిలిపివేసిరి.

ఈ కథ విని, ఇంకను కఠినముగా దండింపవలసినదని వాదించువా రుందురు. దండింపకుండవలసినదని వాదించువారును ఉందురు. మాకు కనబడునది వేఱు. దండనము ఆతని యలవాటును మాన్పలేదు. ఉపాధ్యాయులును, వైద్యులును, తోడి ఆటగాండ్రును గల చోటినుండి ఆతడు బయటికి పోవుటకు మాత్రము తోడ్పడెను. తప్పు ఒకటే, నియమము సరికాదని సంఘమే ఒప్పుకొన్నది, ఆతనికిని ఆ న్యాయమునకును అడ్డముగా నిలిచినది ఒక తేదీ!

పరీక్ష యేమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో యెఱుగుట అవసరము. గంజాయిలో మత్తు కలిగించు టెట్రాహైడ్రోకెనబినాల్ శరీరమందలి క్రొవ్వున చేరి నిలుచును. దాని శేషములు మత్తు వదలిన పిదప కొన్ని దినములవఱకును, నిత్యము సేవించువారియందు కొన్ని వారములవఱకును మూత్రమున కనబడుచుండును. కావున ఆ పరీక్ష, వీడు ఎప్పుడో సేవించినాడని చెప్పునే గాని, మత్తులో మైదానమునకు వచ్చినాడని చెప్పజాలదు. మద్యమన్ననో కొన్ని గంటలలో దేహమును విడుచును. శనివారము రాత్రి పూటుగా త్రాగి కలహించినవాడు మంగళవారము నిర్దోషిగా నిలుచును; ఆ రాత్రియే యొక మూల గంజాయి పీల్చి నిద్రించినవాడు దోషి యగును. ఇచ్చట కొలువబడినది దోషముయొక్క బరువు కాదు, పదార్థముయొక్క నిలుకడ. 2022 ఫిబ్రవరిలో సంఘము పరిమితిని మిల్లీలీటరునకు 35 నానోగ్రాములనుండి 150 నానోగ్రాములకు పెంచెను. నూఱు నానోగ్రాములు గలవాడు పాత లెక్కలో అపరాధి, క్రొత్త లెక్కలో నిరపరాధి. శీలమును ఇట్టి తూనికరాళ్లతో తూచుట ఎంతవఱకు సాధ్యము?

తుదకు 2024 జూన్‌లో ఆ సంఘముయొక్క మొదటి విభాగపు కౌన్సిల్ గంజాయిని నిషిద్ధపట్టికనుండి తొలగించెను. అప్పటికి అనుభవించుచున్న దండనములు కూడ ఆగిపోవునని ప్రకటించెను. పదేండ్ల క్రిందట చేయని న్యాయమును ఈమాఱు చేసినది. ఆటలో మోసమునకు పనికివచ్చు మందులను పట్టుకొనుట పరీక్షల పని. గంజాయి విషయమున, మద్యము విషయమునవలెనే, బోధయు చికిత్సయు కళాశాలల పని యనుట దీని వెనుకనున్న తలంపు. ఇది గంజాయికి ఇచ్చిన యోగ్యతాపత్రము కాదు.

అంతటితో క్రీడాకారులకు ఆపద తీరినదనియు అనుకొనరాదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022లో విమర్శించి, పోటీకాలమున గంజాయి నిషేధమును అట్లే నిలిపెను. షకారీ రిచర్డ్‌సన్ 2019లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థినిగా 100 మీటర్ల పరుగున కళాశాలల ఛాంపియన్ అయినది. 2021 జూన్‌లో, అప్పటికి వృత్తిక్రీడాకారిణియై, ఒలింపిక్ ఎంపికపోటీలో ముందు నిలిచి, గంజాయి పరీక్షలో దొరకి, నెల దినములు నిలిపివేయబడి, టోక్యోలో ఆ పరుగునకు దూరమయ్యెను. కన్నతల్లి మరణవార్తను ఒక విలేఖరి నోట వినిన దుఃఖమున సేవించితినని ఆమె చెప్పుకొనెను. నియమము తెలియదని మాత్రము అనలేదు. నానోగ్రాములు దుఃఖమును కొలువజాలవు. ఒక గడపలో క్షమింపబడునది మఱియొక గడపలో దండింపబడునప్పుడు, పిల్లలకు ఆ భేదమును ముందుగా తెలియజెప్పువారు కావలెను. దుఃఖము వచ్చిననాడు ఎవ్వరి తలుపు తట్టవలెనో చూపువారు అంతకంటెను కావలెను.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. నేరమైనదానిని ఉపేక్షింపవచ్చునా యందురు. 1970నాటి కేంద్రశాసనము గంజాయిని అతికఠిన నిషేధవర్గమున చేర్చినది నిజమే; 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రముల ప్రజలు వయసువచ్చినవారు దానిని సేవించుటను తమ ఓట్లతో చట్టబద్ధము చేసినదియు నిజమే. ఈ చిక్కును శాసనకర్తలు విప్పవలెను. ఆటల సంఘము రెండవ పోలీసుగా నిలువనక్కఱలేదు. సంతకము చేసి చేరినవాడు మాట తప్పరాదందురు. ఇది బలమైన మాటయే. కాని సంతకము చేయనిదే చదువు సాగనివాని సమ్మతికిని, కాదని వెళ్లుటకు దారి గలవాని సమ్మతికిని భేదము లేదా? సమ్మతి నియమమునకు బలము నిచ్చును, న్యాయమును ఈయజాలదు. భయము లేనిదే క్రమశిక్షణము లేదని మఱికొందఱందురు. భయము పరీక్షదినమువఱకు కాపలా కాయును. పిదప కాపలాయెవరు?

గంజాయి హానిలేని వస్తువని మేము చెప్పబోము. అది ఏకాగ్రతను, జ్ఞాపకశక్తిని మందగింపజేయును. చిన్నవయసున మొదలిడినవారికి కీడు అధికము. కొందఱికి వదలని వ్యసనమగును. మత్తులో వచ్చినవాడు తనకేగాక తోడివారికిని అపాయము తెచ్చును. వానిని ఆనాడు మైదానమునుండి పంపివేయుటకు శిక్షకునికి సంపూర్ణాధికారము కలదు. అయితే దండించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా మతము: ఈ తప్పువలన హాని పొందినవా రెవరు? ఆ హాని సంస్థ తలపెట్టిన పనికి సంబంధించినదా? దండనము ముగిసిన పిదప తిరిగివచ్చుటకు త్రోవ కలదా? మూడవ ప్రశ్నకు లేదని జవాబు వచ్చినచో, అది శిక్ష కావచ్చును గాని శిక్షణము కానేరదు.

జట్టు అనునది కొందఱు పిల్లలకు ఇల్లువంటిది. పొద్దున లేపునది, వేళకు తిండి తినిపించునది, చెడుసావాసమునుండి మరల్చునది అదియే. గంజాయి మాన్పవలెనని జట్టునుండియే వెడలగొట్టుట, ఈత రానివాడు మడుగున దిగినాడని ఒడ్డుననున్న త్రాటిని త్రెంచుట వంటిది. చదువరులారా! మన యిండ్లలోను బిడ్డ తప్పు బయటపడిననాడు మొదట మన నోటికి వచ్చునది బయటికి పొమ్మను మాట. ఆ మాటను ఒక్క క్షణము ఆపి, వీడు పోయి చేరునది ఎవరి యింటికి అని ఆలోచించుట పెద్దఱికము. నియమము ఉండవలెను, దానిని మీఱినవానికి అది తెలియవలెను, కాని వాకిలి మూయరాదు.