రెండవసారి తాకిన చేతులు



మార్కు సువార్త ఎనిమిదవ అధ్యాయంలో బెత్సయిదా గ్రుడ్డివాని వృత్తాంతం మనమందరం ఎరిగినదే. యేసు ప్రభువు అతనిని చేయిపట్టి ఊరి వెలుపలికి తీసుకొనిపోయారు. అతని కన్నులను తాకారు. తాకి ఊరకుండలేదు. ఏమైనా కనిపిస్తున్నదా అని అడిగారు. మనుషులు కనిపిస్తున్నారు గాని నడిచే చెట్లవలె ఉన్నారని అతడు ఉన్నమాట చెప్పాడు. ప్రభువు మరల అతని కన్నులపై చేతులుంచారు. అప్పుడు అతనికి అంతా తేటగా కనిపించింది.

ప్రభువునకు ఒక్కసారి తాకితే చాలదా? చాలును. అయినను ఆయన ఆగి అడిగారు. సగం చూపుతో అతనిని ఇంటికి పంపలేదు.

కుల్కచర్ల వైపు ఒక గ్రామంలో కుటుంబ ప్రార్థనకు వెళ్లినప్పుడు ఈ వాక్యం నా గుండెకు తగిలింది. ఆ ఇంటి అవ్వకు మూడేళ్ల క్రితం శుక్లం తీసి లోపల లెన్సు అమర్చారు. కట్టు విప్పిన నాడు మనుమరాలి ముఖం చూచి ఆమె ఏడ్చిందట. ఇప్పుడు చాటలో కందులు పోసుకొని, రాళ్లను కంటితో కాక వ్రేళ్లతో తడిమి ఏరుతున్నది. “ఏమైందవ్వా?” అని అడిగాను.

“ఏం లేదు ఫాదర్, మళ్ల మసక కమ్మింది. ముసలితనం గదా! పరిగికో, వికారాబాద్‌కో తీస్కపోవాల్నంటే కొడుకు కూలి పోతది. ఎందుకని చెప్పలే.”

ఐదు నెలలుగా ఆమె ఆ మసకలోనే ఉంది. ఇంట్లో ఆరుగురున్నారు. కనిపిస్తున్నదా అని ఒక్కరూ అడుగలేదు. పలుమార్లు ఆ ఇంటికి వెళ్లిన నేనూ అడుగలేదు.

లెన్సు పాడైపోయిందని ఆమె భయం. నిజానికి ఆ లెన్సు సాధారణంగా జీవితాంతం ఉంటుంది. శుక్లం తీసినప్పుడు దాని సన్నని సంచిని కంటిలోనే ఉంచి, అందులో కొత్త లెన్సును అమర్చుతారు. నెలలకో, ఏండ్లకో ఆ సంచి వెనుక పొర కొందరిలో మసకబారుతుంది. దానికి మరల కోత అక్కరలేదు, కుట్లు అక్కరలేదు. లేసరు కిరణంతో ఆ పొరలో చిన్న దారి తీస్తారు. కొద్ది నిమిషాల పని. ఆ అవ్వకు కావలసినది అంతే. ఆమె కుమారుడు మరుసటి వారమే తీసుకొనివెళ్లాడు. పోయినది ఒక్కరోజు కూలి.

ఈ లెన్సు మనవరకు రావడం వెనుక ఎంత శ్రమ ఉన్నదో తలంచండి. యుద్ధవిమానాల కప్పులు పగిలి, పైలట్ల కండ్లలో గ్రుచ్చుకొన్న ఆక్రిలిక్ ముక్కలు కంటికి హాని చేయకుండా ఉండిపోవడం హెరాల్డ్ రిడ్లే అనే వైద్యుడు గమనించాడు. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో అటువంటి పదార్థంతో చేసిన లెన్సును తొలిసారి కంటిలో ఉంచాడు. తోటి వైద్యులు ఎందరో ఏండ్ల తరబడి ఆయనను తప్పుపట్టారు. మన తాతల కాలంలో శుక్లం తీస్తే సీసా అడుగువంటి దళసరి అద్దాలే దిక్కు. అవి పగిలితే మరల చీకటే. 1992లో మదురైలో ఆరోల్యాబ్ ఈ లెన్సులను తక్కువ ధరకు తయారుచేయసాగినప్పటి నుండి పేదలకు కూడా అవి అందసాగాయి. మన రాష్ట్రంలో 2018లోను, 2023లోను కంటివెలుగు శిబిరాలు పల్లెలకు వచ్చాయి.

అయితే ఆపరేషను జరిగితే చూపు వచ్చినట్లేనా? హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థవారు 1996 నుండి 2000 వరకు మన పొరుగు మహబూబ్‌నగర్‌తో సహా నాలుగు ప్రాంతాలలో ప్రజల కండ్లు పరీక్షించారు. శుక్లం తీయించుకొని కూడా సరిగా చూడలేనివారు అందులో కనిపించారు. కొందరికి శస్త్రచికిత్సలో లోపం. కొందరికి తరువాత తగిన కండ్లద్దాలు లేకపోవడం. అద్దాలు లేక చూడలేని మనిషికి కావలసినది మరొక్కసారి పరీక్ష, ఒక జత అద్దాలు. అది అడిగేవారు లేకపోయారు.

కనుక ప్రియులారా, మీ ఇంట పెద్దలకు ఆపరేషను అయితే చుక్కల మందు డాక్టరు చెప్పినన్ని దినాలు మీరే వేయండి. కన్ను నలుపనీయకండి. నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనిపిస్తే తెల్లవారనీయక ఆసుపత్రికి తీసుకొనిపొండి. ఆలస్యం కన్నును పోగొట్టవచ్చు. రమ్మన్న తేదీకి తప్పక వెళ్లండి. చక్కెర వ్యాధి, నీటికాసులు ఉన్నవారికి మసక వేరే కారణంగానూ రావచ్చు; కనుక వయసని మీరే తీర్పు చెప్పకండి.

తోబీతు గ్రంథంలో గ్రుడ్డితండ్రి కన్నులపై తెల్లని పొరలు తొలగినప్పుడు మందు పట్టిన చేయి ఎవరిది? రఫాయేలు దేవదూత మందు చెప్పాడు. పూసినది కుమారుడు తోబియా. దేవుడు స్వస్థతను ఇంటివారి చేతులకే అప్పగించాడు.

ఈ ఆదివారం పూజనుండి ఇంటికి వెళ్లిన పిమ్మట మీ తల్లిదండ్రుల యెదుట కూర్చుండి, ప్రభువు అడిగిన ఆ ప్రశ్న అడగండి. వారు ఏమీ లేదన్నా నమ్మకండి. మనకు భారం కాకూడదని వారు చీకటిని దాచుకొంటారు.

ప్రభువా, సగం చూపుతో మా ఇండ్లలో మౌనంగా కూర్చున్నవారిని మాకు చూపించుము. రెండవసారి తాకే ఓర్పును మా చేతులకు దయచేయుము. ఆమెన్.