రెండో అంకెలో అంతరాత్మ

జార్ఖండ్‌లో ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ ఉన్న సరాయికెలా నియోజకవర్గంలో 2014 అసెంబ్లీ ఎన్నికల ఫలితం 1,115 ఓట్ల తేడాతో తేలింది. చంపయీ సోరెన్‌కు 94,746, గణేశ్ మహాలీకి 93,631 ఓట్లు వచ్చాయి. బరిలో ఉన్న మిగతా అభ్యర్థులకు కలిపి పడిన ఓట్లు ఆ తేడాను మించినవే. మీరు కోరిన మనిషి గెలవకపోతే ఈ ఇద్దరిలో ఎవరు నయమని ఆ ఓటర్లను ఎవరూ అడగలేదు. ఒక్క మీట నొక్కి బయటికి వచ్చే పద్ధతిలో ఆ ప్రశ్నకు చోటే లేదు.

పైకి ఇది లెక్కల సంగతిలా కనిపిస్తుంది. నిజానికి ధర్మసందేహం. మనిషి ఇష్టమంటే మొదటి కోరిక ఒక్కటేనా? అది తీరనప్పుడు దేనికి సమ్మతిస్తాడో అది కూడా అతని ఇష్టం కాదా?

దేశంలో ఈ ప్రశ్నకు అతి పెద్ద పరీక్ష ఇద్దరు తెలుగువాళ్ల మధ్యే జరిగింది. 1969 రాష్ట్రపతి ఎన్నికల్లో ఒకవైపు అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి. రెండోవైపు బరంపురంలో పుట్టి, 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మె నడిపిన వి.వి. గిరి. ఆదిత్యపూర్ స్టేషన్ మీదుగా పోయే లైను ఆనాడు ఆ రైల్వేదే. సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అయినా, అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు.

రాష్ట్రపతి ఎన్నికలో ఓటర్లు పేర్ల పక్కన 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాస్తారు; ప్రాధాన్య ఓటు అంటే అదే. ఆ ఏడాది గెలవడానికి కావలసిన ఓట్ల విలువ 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, మరో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గీత ఎవరూ దాటలేదు. అడుగున ఉన్నవారిని ఒక్కొక్కరిగా తప్పించి, చివరికి దేశ్‌ముఖ్‌నూ తప్పించి, వారి బ్యాలెట్లపై తర్వాతి అంకెలు లెక్కపెట్టారు. అలా సంజీవరెడ్డికి 91,879 కలిస్తే గిరికి కలిసింది 18,562 మాత్రమే. అయినా 4,20,077తో గిరి గెలిచారు. సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు.

అంతరాత్మ మాట వినమన్న ఆ ఎన్నికలో అంతరాత్మ చెప్పిన రెండో మాటకూ లెక్కలో స్థానం దొరికింది. గొప్ప విషయం అదే.

అయితే ఇక్కడా ఒక వెలితి ఉంది. దేశ్‌ముఖ్‌ను గిరితో విడిగా, సంజీవరెడ్డితో విడిగా పోటీపెడితే ఏమయ్యేదో ఈ లెక్క చెప్పదు. అలా ఇద్దరిద్దరిని జత కట్టి చూడాలన్నది ఫ్రెంచి తత్త్వవేత్త కాండోర్సే వాదన. ఆ పద్ధతిలోనూ చిక్కుందని 1785లో ఆయనే చూపించాడు: సమూహం రాముడికన్నా సోముణ్ణి, సోముడికన్నా భీముణ్ణి మెచ్చి, మళ్లీ భీముడికన్నా రాముడే మేలనవచ్చు. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది పోటీలో ఉంటే, ఓటర్లు ఇచ్చిన వరుసలను కలిపే ఏ పద్ధతీ న్యాయమైన షరతులన్నిటినీ ఒకేసారి నిలబెట్టలేదని 1951లో కెన్నెత్ ఆరో నిరూపించాడు.

సమూహం మాటను ఎంతవరకు నమ్మాలన్న సందేహాన్ని బౌద్ధ సంఘం ఇంకో దారిలో ఎదుర్కొంది. భిక్షువుల వివాదం తెగనప్పుడు శలాకలు, అంటే పుల్లలు పంచి మెజారిటీ తేల్చే విధానం వినయపిటకంలోని చుల్లవగ్గలో ఉంది. రహస్యంగా, చెవిలో చెప్పి, బాహాటంగా అని మూడు రకాలు. కానీ ఎక్కువమంది అధర్మం వైపు ఉన్నారనిపిస్తే పుల్లలు పంచినవాడు ఆ ఓటింగును తోసిపుచ్చవచ్చు. ధర్మమేదో ఆ ఒక్కడే తేల్చడం నేటి పౌరుడికి సమ్మతం కాదు, కాకూడదు కూడా. ఎక్కువమంది అన్నంత మాత్రాన సరైనది కాదన్న ఎరుక మాత్రం అవసరం.

ప్రాధాన్య ఓటు ఆ ఎరుకను ఒక్కడి చేతిలో పెట్టదు, ప్రతి ఓటరుకూ పంచుతుంది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో తెలుగువాళ్లకు ఇది పరిచయమే. 2021లో నల్గొండ–ఖమ్మం–వరంగల్ స్థానంలో 71 మంది పోటీపడగా లెక్కింపు రోజుల తరబడి సాగింది. ఆ శ్రమ నిజమే. కానీ ఓటరు మనసు పూర్తిగా వినడానికి అది పెద్ద మూల్యం కాదు.

పెద్ద ఎన్నికల చట్టాలు మారడానికి కాలం పడుతుంది. ఆదిత్యపూర్, జంషెడ్‌పూర్‌లలోని తెలుగు సంఘాలు, ఆలయ కమిటీలు మాత్రం అంతవరకూ ఆగనక్కర్లేదు. వచ్చే ఎన్నికలో అధ్యక్ష పదవి ఒక్కదానికైనా పేర్ల పక్కన 1, 2, 3 అని రాయించి, సభ్యుల ముందే లెక్కపెట్టి చూడండి.