రిమోట్ ఎవరి చేతిలో ఉంది?



గీత 18వ అధ్యాయం 61వ శ్లోకం చదివినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది రిమోట్ కారు. నవ్వకండి. మీలో చాలామంది ఇళ్లకి కూడా అది వచ్చే ఉంటుంది. దుబాయ్ నుంచో కువైట్ నుంచో నాన్నో మేనమామో వచ్చినప్పుడు, తాళ్లతో బిగించి కట్టిన అట్టపెట్టెలో, దుప్పట్లకీ సబ్బులకీ మధ్య. ఆ చవక కార్లకి స్టీరింగు ఎక్కడిది! ముందుకి తిన్నగా పోయేది, బటన్ నొక్కితే వెనక్కి వస్తూ ఒక పక్కకి తిరిగేది, అంతే. సెల్లులు అయిపోతే ఎండలో పెట్టేవాళ్లం. పక్కింటి పిల్లాడికీ అలాంటిదే వచ్చిందంటే ఇక గొడవే. ఆ బొమ్మలు చాలావరకు 27 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడిచేవి. రెండూ ఒకే తరంగం మీద ఉంటే వాడు నొక్కితే మన కారు కదిలేది. "నా కారు నా మాట వినట్లేదు" అని ఏడుపు.

ఆ శ్లోకంలో కృష్ణుడు చెప్పేది ఇదీ: ఈశ్వరుడు అన్ని ప్రాణుల హృదయంలో ఉన్నాడు, యంత్రం మీద ఎక్కించినట్టు తన మాయతో వాటిని తిప్పుతున్నాడు. దీన్ని పట్టుకుని క్యాంపుల్లో మనవాళ్లు "రిమోట్ పైవాడి చేతిలో ఉంది, మనదేముంది" అంటుంటారు. ఏజెంటు చేతిలో మోసపోయినవాడూ అదే అంటాడు, జీతం పడ్డ రాత్రే సగం తాగేసినవాడూ అదే అంటాడు. మొదటివాడి బాధ నాకు అర్థమవుతుంది. రెండోవాడిది భక్తి కాదు, సాకు.

పైవాడు అంటాం గానీ, శ్లోకంలో పైన అని లేదు. హృదయంలో అని ఉంది. రిమోట్ పట్టుకున్నవాడు బయట నిలబడతాడు, కారు గోడకి గుద్దుకున్నా వాడికి దెబ్బ తగలదు. కృష్ణుడు సారథి. అదే రథంలో కూర్చున్నాడు, ఆ దుమ్ము ఆయన మీదా పడింది. పైగా మొదటి అధ్యాయంలో రథాన్ని రెండు సేనల మధ్య నిలపమన్నది అర్జునుడు, నిలిపింది ఆయన. 61 తర్వాత రెండే శ్లోకాలు దాటి చూడండి. బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అంటాడు. యంత్రంతో ఎవరైనా అలా అంటారా?

ఇప్పుడు మన సంగతి. దూరం నుంచి నడిపే పని మనమూ చేస్తున్నాం. కొడుకు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో, కూతురికి ఏ సంబంధం ఖాయం చెయ్యాలో సెలవు రోజు మంచం మీద కూర్చుని ఫోన్‌లో చెప్పేస్తాం. డబ్బు మనది కాబట్టి బటన్ మనదే అనిపిస్తుంది. ఇక్కడ సూపర్‌వైజరు ఒక్క మాట అడగకుండా అటూ ఇటూ తిప్పుతుంటే ఎంత మండుతుందో మనకి తెలుసు. అదే గొంతుతో ఇంటికి మాట్లాడతాం. అవతలివాళ్లు "సరే" అంటారు. అది నిజంగా ఒప్పుకున్న సరేనో, ఫోన్ పెట్టెయ్యడానికి అన్న సరేనో ఇక్కడి నుంచి మీకు తెలీదు.

డబ్బు పంపేవాడికి మాట చెప్పే హక్కు లేదా అని అడుగుతారు. ఎందుకు లేదు! యుద్ధభూమిలో కృష్ణుడు తక్కువేం చెప్పలేదు. కానీ 72వ శ్లోకంలో ఆగి, శ్రద్ధగా విన్నావా, నీ మోహం పోయిందా అని అడిగాడు. చేస్తానని 73లో అర్జునుడు తన నోటితో తాను అన్నాడు.

మధ్యలో వదిలేసిన 62వ శ్లోకం, శరణు గురించి, రేపు చూద్దాం.