ర్యాంకు చూసి కారు కొనబోతున్న అమ్మాయికి

టోలిచౌకి



నువ్వు పంపిన పట్టిక చూశాను. ఏ కంపెనీ కార్లు నమ్మకంగా నడుస్తాయో, ఏవి మాటిమాటికీ షెడ్డుకి చేరతాయో వరసపెట్టి అంకెలు వేశారు. పైనున్న మూడు పేర్లలో ఏదో ఒకటి, ఏడెనిమిదేళ్ళది, మన టోలిచౌకిలోనే సెకండ్‌హ్యాండ్ కార్లు అమ్మేవాళ్ళ దగ్గర చూసి తీసేసుకుంటానన్నావు. నీ జీతంతో నువ్వు కొనుక్కుంటున్న మొదటి పెద్ద వస్తువు ఇది. ఫోన్లో "అలాగే అమ్మా" అని ఊరుకోబుద్ధి కాలేదు. వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఆ పట్టికలన్నీ డబ్బిచ్చి రాయించుకున్నవేనని కొట్టిపారేసే పెద్దవాళ్ళు మనింట్లోనే ఉన్నారు. వాళ్ళ మాట పట్టుకోకు. వేలమంది యజమానుల్ని అడిగి కూడిన లెక్క ఒకవైపు, ఒకే ఒక్క కారు నడిపిన మీ మావయ్య అనుభవం ఒకవైపు ఉంటే నేను లెక్క వైపే ఉంటాను. కాకపోతే ప్రతి లెక్కా ఏదో ఒక ప్రశ్నకి జవాబు. ఆ ప్రశ్న ఏమిటో తెలుసుకోకుండా జవాబు పట్టుకుని బజారుకి వెళ్ళకూడదు.

ఈ సర్వేల్లో బాగా పేరున్నవి జె.డి. పవర్ సంస్థవి. 1968లో కాలిఫోర్నియాలో మొదలైన సంస్థ. మన దేశంలోనూ చాలా ఏళ్ళు సర్వేలు చేసింది. అమెరికాలో అది చేసే సర్వేల్లో ఒకటి, కొత్త కారు కొన్న మొదటి 90 రోజుల్లో ఏ ఇబ్బందులొచ్చాయని అడుగుతుంది. ఇంకొకటి మూడేళ్ళు వాడినవాళ్ళని అడుగుతుంది. రెండింటిలోనూ నూరు కార్లకి ఎన్ని ఇబ్బందులని లెక్కగట్టి, తక్కువ వచ్చినవాళ్ళని పైన పెడతారు. నువ్వు కొనేది ఏడెనిమిదేళ్ళ బండి. మొదటి మూడు నెలల లెక్క దానికి ఏ మేరకు పనికొస్తుందో ఆలోచించు. ఫిల్మ్‌నగర్ పక్కన పెరిగినదానివి. మొదటి వారం వసూళ్ళు చూసి సినిమా నూరు రోజులు ఆడుతుందని ఏ డిస్ట్రిబ్యూటరూ రాసివ్వడని నీకు తెలుసు.

ఇబ్బంది అని దేన్ని లెక్కేశారన్నదీ చూడాలి. 2010లో అమెరికాలో ఆ 90 రోజుల సర్వేలో ఫోర్డ్‌ది అయిదో స్థానం. మరుసటి ఏడాది ఇరవై మూడో స్థానానికి పడిపోయింది. ఏడాదిలో ఇంజిన్లన్నీ పాడైపోలేదు. డ్యాష్‌బోర్డు మీద కొత్తగా పెట్టిన 'మై ఫోర్డ్ టచ్' స్క్రీన్ జనానికి కొరుకుడు పడలేదు. కొన్ని మోడళ్ళలో ఆటోమేటిక్ గేర్లు మారే తీరు నచ్చలేదు. ఫోను బ్లూటూత్‌కి కలవకపోవడమూ ఒక ఇబ్బందే, రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంజిన్ ఆగిపోవడమూ ఒక ఇబ్బందే. కూడికలో దేనికైనా ఒక్క అంకే. ఒంటరిగా బండి నడుపుకుంటూ ఇంటికి వచ్చే నీకు మాత్రం ఆ రెండూ ఒకటి కావు.

మన దగ్గర మారుతి సుజుకి వరసగా పదేళ్ళకు పైగా జె.డి. పవర్ కస్టమర్ సర్వీస్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. ప్రకటనల్లో ఆ మాట చూసి, అంత గట్టి కార్లు ఇంకెవరివీ కావని చాలామంది అనుకున్నారు. ఆ సర్వే కొలిచింది సర్వీస్ సెంటర్లని: ఎలా మాట్లాడారు, పని సరిగ్గా చేశారా, చెప్పిన టైముకి బండి చేతికిచ్చారా అని. అదేం చిన్న గుణం కాదు, రోజూ ఆఫీసుకి వెళ్ళాల్సినవాళ్ళకి కావలసిందే. అయినా అది వేరు, బండి మన్నిక వేరు. ప్రాణరక్షణ ఇంకా వేరు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు మన దేశంలో అమ్ముడయ్యే ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో కార్లను గంటకి 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకి గుద్దించి చూశారు. ఎయిర్‌బ్యాగులు లేని ఆ చవక రకాల్లో ఒక్కదానికీ పెద్దవాళ్ళ రక్షణలో ఒక్క నక్షత్రం రాలేదు. వాటిలో ఏళ్ళ తరబడి మొరాయించకుండా నడిచిన బండ్లు ఎన్నో ఉన్నాయి. రెండు ఎయిర్‌బ్యాగులు లేని బండి మాత్రం నువ్వు కొనకు, అది ఎన్నో ర్యాంకుదైనా సరే. ఈ ఒక్క విషయంలో నీతో బేరానికి నేను సిద్ధంగా లేను.

కంపెనీ పేరు ఒక్కటే చూస్తే ఎంత పొరబడతామో మన పెనుకొండలో కార్లు తయారుచేసే కియా విషయంలో తెలుస్తుంది. 2022లో అమెరికాలో జరిగిన మూడేళ్ళ కార్ల సర్వేలో కియాది మొదటి స్థానం, నూరు కార్లకి 145 ఇబ్బందులు. ఖరీదైన కార్ల కంపెనీలన్నీ దాని వెనకే ఉన్నాయి. అంతకు ముందు, 2020 నవంబరులో, అదే దేశంలో హ్యుందాయ్, కియా రెండూ కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకున్నాయి. ఇంజిన్ లోపమున్న పదహారు లక్షల కార్లను సకాలంలో వెనక్కి పిలవలేదన్నది అభియోగం. రెండూ నిజమే. ర్యాంకు వచ్చింది 2019 మోడల్ కార్లకి. జరిమానా పడింది అంతకు ముందు ఏళ్ళ పెద్ద పెట్రోలు ఇంజిన్ల విషయంలో. పెనుకొండ సెల్టోస్‌లో ఆ ఇంజిన్లు లేనే లేవు. ఒక పేరు కింద ఎన్ని ఇంజిన్లు, ఎన్ని గేర్‌బాక్సులు, ఎన్ని సంవత్సరాలు దాగి ఉంటాయో చూడు. అందుకని పట్టికలో కంపెనీ వరసని వదిలెయ్. ఏ మోడల్, ఏ ఏడాదిది, ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ అని విడగొట్టి చెప్పిన లెక్క దొరికితే దాన్ని నమ్మకంగా చదువు.

డబ్బు సంగతి కూడా తెలిసి ఉండాలి. జె.డి. పవర్ అవార్డు బొమ్మను ప్రకటనల్లో వేసుకోవాలంటే కంపెనీలు ఆ సంస్థకి రుసుము కట్టాలి. దాన్ని ర్యాంకు కొనుక్కోవడం అనలేం. అయితే గెలిచిన ముక్క ఒక్కటే హోర్డింగు ఎక్కుతుంది, మిగతా విభాగాల్లో ఏమైందో మనకి కనబడదు. అమెరికాలోనే 1936లో పుట్టిన కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్ళు చాలా ఏళ్ళు ఆ దారిలో పోలేదు. పరీక్షించే కార్లు తామే డబ్బిచ్చి కొంటారు, ప్రకటనలు తీసుకోరు, తమ పేరుని ప్రకటనల్లో దశాబ్దాల పాటు వాడుకోనివ్వలేదు. వాళ్ళంటే నాకు గౌరవం. కానీ వాళ్ళకి జవాబు చెప్పేది వాళ్ళ సభ్యులు, నడిపేది అక్కడి రోడ్ల మీద. మెహదీపట్నం నుంచి షేక్‌పేట దాకా మొదటి గేరులో, ఎండలో, ఏసీ వేసుకుని పాకే క్లచ్ బాధ వాళ్ళ పట్టికకి ఎక్కదు.

ఇక మన వీధి సంగతి. నేను నిజంగా చెప్పదలుచుకున్నది ఇదే.

2020 అక్టోబరు 13న కురిసిన వాన నీకు గుర్తుండే ఉంటుంది. బేగంపేటలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్లు పడింది. షా హాతిం తలాబ్ పొంగి నదీమ్ కాలనీ మునిగితే జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. గుమ్మాల ముందు పెట్టిన కార్లు బానెట్లు దాటి నీళ్ళలో నానాయి. ఆ కార్లలో అన్ని కంపెనీలవీ ఉన్నాయి. నీ పట్టికలో మొదటిదీ చివరిదీ పక్కపక్కనే మునిగాయి.

నీళ్ళలో ఉన్న బండిని తొందరపడి స్టార్ట్ చేస్తే ఇంజిన్ గాలితోపాటు నీటినీ పీలుస్తుంది. నీరు గాలిలా కుదించుకోదు కాబట్టి లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ దెబ్బ వెంటనే తెలుస్తుంది. తెలియకుండా చేటు చేసేది వైరింగు. కార్పెట్ కింద, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కనెక్టర్లు బురదనీళ్ళు తాగి, ఆరి, మెల్లగా చిలుం పట్టి, ఎప్పుడో ఏడాదికో రెండేళ్ళకో ఎయిర్‌బ్యాగ్ దీపమో, స్టీరింగో మొరాయిస్తుంది. ఈలోగా ఆ బండిని కడిగి, పాలిష్ పెట్టి, సీటు కవర్లు మార్చి అమ్మేస్తారు. కొన్నవాడు తన కారుకి ఏమైందో తెలియక కంపెనీని తిడతాడు. ఏ సర్వే అయినా వాణ్ణి అడిగితే ఆ తిట్టే ఒక అంకె అవుతుంది.

కాబట్టి బండి దగ్గరికి వెళ్ళినప్పుడు సీటుబెల్టుని చివరికంటా బయటికి లాగి చూడు; కొసన బురద చార ఉంటే అక్కడితో మాట ఆపెయ్. సీట్ల కింద పట్టాల తుప్పు, స్టెపినీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ లోపలి మసక చూడు. పాత బీమా కాగితాలన్నీ అడుగు. క్లెయిమ్ లేకుండా గడిచిన మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలయ్యే నో క్లెయిమ్ బోనస్ అయిదేళ్ళకి 50కి చేరుతుంది. బండి ఒకరి చేతిలోనే ఉండగా ఆ అంకె మధ్యలో సున్నాకి పడిందంటే ఏదో క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. ఎందుకు పడిందో అడగడం అమర్యాద కాదు. కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి చరిత్ర తీయించు. అమ్మేవాళ్ళు చూపించిన మెకానిక్ వద్దు, మనం నమ్మినవాణ్ణి, కూలి ఇచ్చి, తీసుకెళ్ళు.

సినిమా యూనిట్లకి బండ్లు పురమాయించే పనిలో నా జీవితం గడిచింది. ఒకే మోడల్ బండ్లు రెండు కలిసి పని మొదలుపెట్టేవి. ఒకదానికి ఎప్పుడూ ఒకే డ్రైవరు. ఇంజిన్ ఆయిల్ తేదీ డైరీలో రాసుకునేవాడు, కొత్త శబ్దం వినిపిస్తే ఆ సాయంత్రమే చెప్పేవాడు. రెండోదానికి షెడ్యూలుకొక డ్రైవరు, అది ఎవరి బండీ కాదు. లక్ష కిలోమీటర్ల దగ్గర ఆ రెండింటినీ పక్కపక్కన నిలబెడితే ఒకే ఫ్యాక్టరీలో పుట్టాయంటే నమ్మలేవు. పట్టికలో వాటికి ఒకటే పేరు, ఒకటే ర్యాంకు. అందుకే బండిని అడిగినన్ని ప్రశ్నలు దాన్ని నడిపిన మనిషినీ అడుగు. మొదటి యజమాని దొరికితే ఆయనతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడు. వీలైతే మధ్యవర్తి పక్కన లేకుండా.

ఈ మాట చెబుతుంటే నా మనసులో ఉన్న అసలు బాధ బయటికి వస్తోంది. సర్వేలని మనం ఎక్కడో ఎవరో నిపుణులు రాసిన తీర్పుల్లా చూస్తాం. ఏ సర్వే అయినా చివరికి అడిగేది యజమానినే. అప్పు చేసి, చుట్టాలందరికీ చూపించి కొన్న కారులో లోపముందని ఒప్పుకోవడం చాలామందికి నామోషీ. పెళ్ళిళ్ళలో చూడు, తన బండి గేర్‌బాక్స్ పోయిందని ఎవరైనా చెబుతారా? ఇంకో రకం వాళ్ళు ఒక్కసారి సర్వీస్ ఆలస్యమైందన్న కోపంతో లేని రోగాలన్నీ రాసేస్తారు. ఆ పట్టికని నమ్మొచ్చా అని నువ్వు నన్నడిగావు. నీలాంటివాళ్ళు అందులో ఎంత నిజం రాస్తే అంత నమ్మొచ్చు. రేపు నువ్వూ యజమానివే. ఎవరైనా వచ్చి నీ కారు ఎలా ఉందని అడిగితే, పక్కింటివాళ్ళయినా, సర్వేవాళ్ళయినా, ఉన్నదున్నట్టు చెప్పు. నీ ఎంపిక తప్పని తేలినా సరే చెప్పు.

ఇంకా ముఖ్యం, నాలుగైదేళ్ళకి నువ్వు దీన్ని అమ్మేటప్పుడు. గుద్దుకున్న తలుపు మార్పించి ఉంటే మార్పించానని చెప్పు. నీళ్ళలో ఆగి ఉంటే ఆగిందని చెప్పు. మహా అయితే ఇరవై ముప్ఫై వేలు తగ్గుతాయి. మునిగిన బండిని దాచి అమ్మినవాడికి ఆ డబ్బు మిగిలి ఉండొచ్చు. ఆ బండి స్టీరింగు మాత్రం ఇప్పుడు ఎవరి కొడుకు చేతిలోనో, ఎవరి కూతురు చేతిలోనో ఉంది. అలాంటి డబ్బు మన ఇంట్లోకి రాకూడదు తల్లీ.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఇంటికి రా, కలిసి వెళ్దాం. మనం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకి ముందే చెప్పు. చల్లటి ఇంజిన్ మొదటిసారి ఎలా అందుకుంటుందో, పొగ ఏ రంగులో వస్తుందో నేను చూడాలి. అడ్వాన్సు ఇంకా ఇవ్వకు. బండి మీద లోను ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చూసుకున్నాకే డబ్బు మాట.

ఉంటాను,
మీ తాతయ్య