చంపకుండుటయే దయయా?

శరణమార్గమున భూతదయకు ప్రథమస్థానము కలదు. అయితే దయ యనగా ప్రాణము తీయకుండుట మాత్రమేనా, ప్రాణికి బాధ కలుగకుండ చూచుట కూడనా? పశువును పోషించు ప్రతి గృహమునకును ఈ ప్రశ్న ఎదురగును.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో అనేక కుటుంబములకు పాడియే ఆధారము. 70 నుండి 90 సెంటీమీటర్ల ఎత్తు గల పుంగనూరు ఆవు ఇచ్చటిదే. అధికముగ పాలిచ్చు జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతులు వ్యాపించిన పిదప అది అరుదైనది; పలమనేరు పరిశోధనక్షేత్రమున దానిని కాపాడుచున్నారు. సంకరజాతి ఆవు పాలిచ్చును గాని, దాని కోడెదూడకు ట్రాక్టరు వచ్చిన పొలమున పనిలేదు.

ఈ సీమనుండి పశువైద్యము నేర్వ బ్రిటనుకు పోయిన విద్యార్థి అచ్చట వేరొక రీతిని చూచును. 1965లో బ్రాంబెల్ సంఘము, పశువునకు లేచుటకు, పండుకొనుటకు, తిరుగుటకు, ఒడలు నాకుకొనుటకు, కాళ్లు చాచుటకు చోటుండవలెనని చెప్పెను. ఆకలిదప్పులు, అసౌకర్యము, నొప్పి, వ్యాధి, భయము లేకుండుట, సహజముగ మెలగగలుగుట అను సూత్రములు 1979లో రూపొందెను. దూడ కొమ్ముమొలకను కాల్చుటకు ముందు మత్తుమందీయవలెనని అచ్చటి చట్టము. మన పల్లెలలో కాల్చిన ఇనుముతో వాతలు పెట్టుట చూచిన విద్యార్థికి ఇది కనువిప్పే. కాని పాడిజాతి మగదూడలను పుట్టిన కొలది దినములకే కాల్చి చంపుట కూడ ఆ దేశముననే చిరకాలము సాగినది. నొప్పిని ఎరిగిన దేశము ప్రాణమును లెక్కింపలేదు.

మనమో ప్రాణమును లెక్కించితిమి. ఆవుదూడను, అది మగదైనను, వధింపరాదని 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము. అది కత్తిని ఆపినది, ఆకలిని ఆపలేదు. తల్లిగర్భమున దూడకు రోగనిరోధకశక్తి సంక్రమింపదు. తొలి దినమున త్రాగిన ముర్రుపాలవలననే లభించును. ఆ పాలు అందని కోడెదూడ పారుడుతోనో, ఊపిరితిత్తుల వ్యాధితోనో మెల్లగ కృశించును. దానిని ఎవరును చంపలేదు; ఎవరును బ్రతుకనీయలేదు.

ప్రతి లీటరు పాలును పిల్లల చదువుగా, అప్పు వాయిదాగా మారు పేదయింటిని నిందించుట న్యాయము కాదు. అయినను తొలినాళ్ల ముర్రుపాలు కేంద్రమున అమ్ముడుపోవు పాలు కావు. వానిని దూడకు విడుచుటవలన నష్టము స్వల్పము. పెయ్యదూడలే ఎక్కువగ పుట్టునట్లు వేరుచేసిన వీర్యము నేడు లభించుచున్నది. అక్కరలేని జన్మను ముందే తగ్గించుట, పుట్టినదానిని మాడ్చుటకంటె మేలు. మిగిలిన భారమును రైతు ఒక్కడే మోయనక్కరలేదు. మఠములును, కలిగిన కుటుంబములును గ్రాసమును పంచుకొనవచ్చును.

వృషభ శబ్దమే బసవ అయినది. ఆ పేరును నిత్యము తలచు ఇంట కోడెదూడ తల్లి పొదుగుకు దూరమై ఆకలితో నుండరాదు.